పేరు నీకు, నంబరు మెషీన్‌కి

మా తమ్ముడి మనవరాలు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. ప్రాజెక్టు అనగానే అందరూ చేసే చాట్‌బాట్ జోలికి పోకుండా, సొంతంగా ఒక బుల్లి ప్రోగ్రామింగ్ భాష రాసుకుంది. పార్సర్ ఉంది, బైట్‌కోడ్ ఉంది, దాన్ని నడిపే వర్చువల్ మెషీన్ ఉంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది.

"తాతయ్యా, ఒకటి నుంచి కోటి దాకా కూడమంటే నా భాష పైథాన్ వెనకాల డేక్కుంటూ వెళ్తోంది. కూడిక ఇన్‌స్ట్రక్షన్‌ని అసెంబ్లీలో రాసెయ్యనా?"

"వద్దమ్మా. ముందు వేరియబుల్స్ ఎక్కడ పెట్టావో చెప్పు."

"ఎక్కడేంటి, హ్యాష్ టేబుల్‌లో."

నేనూ మొదట అక్కడే పెట్టాను. హైదరాబాద్‌లో నేను పనిచేసిన కంపెనీ, ఖాతాదార్లు తమ రిపోర్టులు తామే తయారుచేసుకోవడానికి ఒక స్క్రిప్టు భాష ఇచ్చేది. దాని వర్చువల్ మెషీన్ నా మెడకి పడింది, రిటైరయ్యేదాకా దిగలేదు. ఆ ఏళ్లలో వేరియబుల్స్ దాచే పద్ధతిని మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాను. ఆ పిల్లకి ఫోన్‌లో చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి రాస్తున్నాను. ఇది పుస్తకాల వరస కాదు, నేను దెబ్బలు తిన్న వరస.

1. కూడిక చవక, వెతుకులాట ఖరీదు

"మొత్తం = మొత్తం + ధర" అనే ఒక్క లైను తీసుకోండి. రెండు అంకెల్ని కూడడం ప్రాసెసర్‌కి చిటికెలో పని. దానికి ముందూ వెనకా జరిగేదే అసలు తతంగం. "మొత్తం" అనే పేరు పట్టుకుని టేబుల్‌లో దాని గడికి వెళ్లాలి, అక్కడున్నది ఇదే పేరా అని పోల్చాలి. కాకపోతే పక్క గడి చూడాలి. ఈ స్కోప్‌లో లేకపోతే బయటి స్కోప్ టేబుల్ తెరవాలి, అక్కడా లేకపోతే ఇంకా బయటిది. "ధర"కీ ఇదే వరస. కూడాక, జవాబు దాచడానికి "మొత్తం" ఎక్కడుందో మళ్లీ మొదట్నించీ వెతకాలి. మూడు వెతుకులాటలకి ఒక కూడిక. లూపులో కోటిసార్లు తిరిగితే మూడు కోట్ల వెతుకులాటలు. ఇక కూడికని అసెంబ్లీలో రాసి ఏం లాభం?

మా ఊళ్లో కిరాణా కొట్టు శెట్టిగారు అరువు పుస్తకంలో పేర్లు వెతికేవారు కాదు. మనిషి మెట్టెక్కుతుండగానే ఆయన వేలు ఆ పేజీలో ఉండేది.

ఈ తప్పు చేసింది మనమిద్దరమే కాదని ఆ పిల్లని ఓదార్చాను. ప్రపంచంలో సగం వెబ్‌సైట్లకి అన్నం పెట్టిన పీహెచ్‌పీ కూడా చాలాకాలం ఫంక్షన్ లోపలి వేరియబుల్స్‌ని పేర్లతోనే వెతికేది. 2005లో వచ్చిన 5.1 వెర్షన్‌తో ప్రతి వేరియబుల్‌కీ కంపైల్ చేసేటప్పుడే ఒక నంబరిచ్చి, మొదటిసారి దొరికిన చోటుని గుర్తుపెట్టుకునే పద్ధతి వచ్చింది. పైథాన్‌లో ఈ తేడా మీరే చూడొచ్చు. ఒక లూపుని ఫైల్లో పైపైన రాసి నడపండి. అదే లూపుని ఒక ఫంక్షన్‌లో పెట్టి నడపండి. రెండోది వేగంగా పోతుంది. ఫంక్షన్ బయటి పేర్లు డిక్షనరీలో ఉంటాయి, లోపలివి నంబర్లేసిన గడుల వరసలో ఉంటాయి. అంతకుమించి మంత్రమేం లేదు.

2. నంబరు వేసే పని కంపైలర్‌ది

స్క్రిప్టు కంపైలర్ చేతికి వచ్చేసరికే ఏ పేరు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ముగుస్తుందో అందులో కనబడుతూనే ఉంటుంది. నడిచేటప్పుడు కోటిసార్లు వెతికేదాన్ని అక్కడ ఒక్కసారి వెతికితే చాలు.

పద్ధతి చాలా చిన్నది. కంపైలర్ దగ్గర ఒక జాబితా పెట్టుకోండి. కొత్త లోకల్ వేరియబుల్ కనబడితే చివర చేర్చండి, జాబితాలో దాని స్థానమే దాని నంబరు. బ్లాకు మూసుకోగానే ఆ బ్లాకులో చేర్చినవాటిని చివర్నుంచి తీసెయ్యండి. పేరు వాడకంలోకి వస్తే జాబితాని చివర్నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. అలా చూస్తే, లోపలి పేరు అదే పేరున్న బయటిదాన్ని కప్పెయ్యడం దానంతటదే కుదురుతుంది.

ఒక ఫంక్షన్‌లో ధర, పన్ను, మొత్తం ఉన్నాయనుకోండి: 0, 1, 2. ఇఫ్ లోపల "తగ్గింపు" పుడితే దానికి 3. ఆ బ్లాకు అయిపోగానే 3వ గడి ఖాళీ. ఎల్స్ లోపల "రుసుము" పుడితే దానికీ 3 ఇవ్వొచ్చు. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు. బైట్‌కోడ్‌లో ఇంక పేర్లే ఉండవు, "2వ గడి తీసుకురా" అని ఉంటుంది.

ఇందులో ఒక చిన్న ముల్లుంది. "లోకల్ ధర = ధర" అని రాస్తే కుడివైపు ధర ఏది? పేరుని జాబితాలో ముందు చేర్చి, తర్వాత కుడివైపు కంపైల్ చేస్తే కొత్త ధర తనని తానే చదువుకుంటుంది, ఆ గడిలో ఏ చెత్త ఉంటే అది వస్తుంది. లువా భాషలో కుడివైపు అంతా అయ్యాకే కొత్త పేరు చెలామణిలోకి వస్తుంది, కాబట్టి అక్కడ కుడివైపుది బయటి ధర. జావాస్క్రిప్ట్‌లో "లెట్" పెట్టి ఇలా రాస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. రెండూ మర్యాదైన పద్ధతులే. నాది మూడో పద్ధతి. చెత్తని చదివి, అది అంకెలా కనిపిస్తే లెక్కలోకి తీసుకునేది.

ముందే నంబరేస్తే భాష స్వభావమూ కొంచెం మారుతుంది. పైథాన్ ఫంక్షన్‌లో పదో లైనులో "మొత్తం"కి విలువ ఇస్తే ఆ పేరు ఫంక్షన్ మొత్తానికీ లోకల్ అయిపోతుంది. మొదటి లైనులో దాన్ని చదవబోతే, బయట అదే పేరుతో గ్లోబల్ ఉన్నా సరే, ఇంకా విలువ ఇవ్వని లోకల్‌ని ముట్టుకున్నావని తిడుతుంది. కుర్రాళ్లు దీన్ని బగ్ అనుకుంటారు. గడి ముందే కేటాయించిన ఫలితమది.

3. రిజిస్టర్ మెషీన్ మోజు

నంబర్లొచ్చాక ఎవరికైనా తర్వాత పుట్టే కోరిక, స్టాక్ మెషీన్‌ని రిజిస్టర్ మెషీన్‌గా మార్చెయ్యడం. "మొత్తం = ధర + పన్ను" అన్నదానికి స్టాక్ మెషీన్‌లో నాలుగు అడుగులు: ధర తెచ్చి పైన పెట్టు, పన్ను తెచ్చి పైన పెట్టు, పై రెండూ తీసి కూడి పెట్టు, పైదాన్ని మొత్తంలోకి దించు. రిజిస్టర్ మెషీన్‌లో ఒకటే: 0నీ 1నీ కూడి 2లో పెట్టు. వంటింట్లో పోపుల పెట్టె చూడండి. ఆవాలు తీసి గట్టుమీద పెట్టి, జీలకర్ర తీసి గట్టుమీద పెట్టి, తర్వాత మూకుడులో వెయ్యరు. చెయ్యి గిన్నె మీంచి మూకుడులోకి నేరుగా పోతుంది. ఏ గిన్నె మీదా చీటీ ఉండదు, చేతికి చోటు తెలుసు.

లువా ఈ మార్పుని 2003లో 5.0 వెర్షన్‌తో చేసింది. బ్రెజిల్‌లో రియో కేథలిక్ విశ్వవిద్యాలయంలో రాబెర్తో యెరుసలింస్కీ, ఇద్దరు సహచరులతో కలిసి 1993లో మొదలుపెట్టిన భాష అది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. 5.0 ఇన్‌స్ట్రక్షన్ 32 బిట్లు: ఏం చెయ్యాలో చెప్పడానికి 6, జవాబు పెట్టే గడికి 8, తెచ్చుకునే రెండు చోట్లకి తొమ్మిదేసి. ఎంత పొందిగ్గా సర్దారో చూడండి. ఆండ్రాయిడ్ మొదటి రోజుల్లో నడిచిన డాల్విక్ కూడా రిజిస్టర్ మెషీనే. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు జావా బైట్‌కోడ్‌ని రిజిస్టర్ పద్ధతిలోకి మార్చి 2005లో లెక్క తేల్చారు. నడిచే ఇన్‌స్ట్రక్షన్లు సగటున 47 శాతం తగ్గాయి, కోడ్ సైజు 25 శాతం పెరిగింది.

ఆ పేపరు చదివి నేనూ ఎగిరి దూకాను. నెలల తరబడి కుస్తీ పట్టాక తెలిసిందేంటంటే, మా స్క్రిప్టుల వేగం అంతా రెండో పాఠంలోనే వచ్చేసింది. పేర్లని నంబర్లు చేసినప్పుడు ఖాతాదార్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. రిజిస్టర్లకి మారినప్పుడు ఒక్కరూ గమనించలేదు. పైథాన్ ఈనాటికీ స్టాక్ మెషీనే. లోకల్స్ వేరే వరసలో, లెక్కలు స్టాక్ మీద. అలా ఉంటూనే 2022లో వచ్చిన 3.11 వెర్షన్ అంతకుముందుదానికంటే సగటున 25 శాతం వేగం తెచ్చుకుంది. అందుకే ఆ పిల్లకి చెప్పాను, ప్రాజెక్టు మార్చిలో ఇవ్వాలి కదా, రిజిస్టర్ల జోలికి ఇప్పుడు పోవద్దని.

4. 257వ వేరియబుల్

ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

గడి నంబరుకి ఒక్క బైటు ఇచ్చాను. 0 నుంచి 255 దాకా, మొత్తం 256 గడులు. పక్క సీటు కుర్రాడు "సార్, దాటితే?" అని అడిగాడు. "ఒక్క ఫంక్షన్‌లో 256 వేరియబుల్స్ ఎవడు రాస్తాడయ్యా?" అన్నాను. మనుషులు రాయరు, నిజమే. కానీ ఒక ఖాతాదారు ఆఫీసులో ఎవరో ఎక్సెల్ షీటులోంచి మా స్క్రిప్టుని తయారుచేసే ఇంకో ప్రోగ్రాం రాసుకున్నారు. షీటులో ప్రతి గడికీ ఒక వేరియబుల్. సంవత్సరాంతం లెక్కలకి ఆ షీటు పెరిగింది.

257వ వేరియబుల్‌కి కంపైలర్ 256 అనే నంబరిచ్చింది. ఒక బైటులో 256 పట్టదు, చుట్టుతిరిగి 0 అవుతుంది. 0వ గడిలో ఉన్నది ప్రారంభ నిల్వ. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. రిపోర్టు అందంగా ప్రింటయింది. ప్రారంభ నిల్వ ఉండాల్సిన చోట ఎవరిదో ప్రయాణ భత్యం కనిపించింది. అదీ, ఆఖరి మొత్తమూ తప్పు, మధ్యలో అంతా ఒప్పే. మార్చి 31 దగ్గరపడుతున్న రోజులు. అవతల అకౌంటెంటు గారు పెద్దాయన, అరవలేదు. "బాబూ, మీ కంప్యూటరు మా డబ్బుకి కాళ్లొచ్చాయంటోంది" అన్నారు. అరిచినా బాగుండేది.

రెండు రాత్రులు కూడిక కోడునే అనుమానించాను. మూడో రోజు ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తర్వాతా 0వ గడిని ప్రింటు చేస్తే, ఎవరూ దాన్ని ముట్టుకోకూడని చోట విలువ మారడం కనబడింది. దిద్దడానికి పట్టింది కంపైలర్‌లో ఒక్క లైను: 256వ నంబరు ఇవ్వాల్సివస్తే ఆగి, ఇంక పట్టవని చెప్పు.

లువా ఒక ఫంక్షన్‌కి 200 లోకల్స్ దాటితే కంపైల్ చెయ్యనంటుంది. జావా మెషీన్ ఇంకో దారి తొక్కింది. మామూలు ఇన్‌స్ట్రక్షన్‌లో గడి నంబరుకి ఒకే బైటు. దాటితే ముందు "వైడ్" అని ఒక ఇన్‌స్ట్రక్షన్ తగిలించి రెండు బైట్లు వాడుకోవచ్చు, 65,535 గడుల దాకా. ఎక్కువగా వాడే మొదటి నాలుగు గడులకైతే నంబరు కూడా రాయకుండా ఒకే బైటులో సరిపోయే పొట్టి ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. పొదుపూ ఉంది, హద్దు దగ్గర కాపలా కూడా ఉంది. నా దగ్గర పొదుపు ఒక్కటే ఉండేది.

5. ఇల్లు ఖాళీ చేశాక వచ్చే ఉత్తరం

గడుల పద్ధతి ఒక నమ్మకం మీద నిలబడింది: ఫంక్షన్ ముగిస్తే దాని వేరియబుల్స్‌తో ఎవరికీ పనుండదు. క్లోజర్లు వచ్చి ఆ నమ్మకాన్ని పడగొడతాయి. ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ పుట్టి, బయటిదాని "లెక్క" అనే వేరియబుల్‌ని వాడుకుంటుంది. బయటిది ముగుస్తుంది. లోపలిది మాత్రం ఎవరి చేతిలోనో బతికే ఉంటుంది, రేపు పిలిస్తే "లెక్క" కావాలంటుంది. అప్పటికి ఆ గడిలో ఇంకెవరో కాపురముంటారు.

దీనికి లువా వాళ్లు చేసిన ఏర్పాటంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. లోపలి ఫంక్షన్ "లెక్క"ని నేరుగా పట్టుకోదు. మధ్యలో ఒక బుల్లి పెట్టె ఉంటుంది, దాన్ని అప్‌వాల్యూ అంటారు. అందులో ఒక బాణం. బయటి ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ ఆ బాణం స్టాక్ మీది గడి వైపు చూస్తుంది. బయటి ఫంక్షన్ తన గడిని వాడుకున్నా, లోపలిది పెట్టె ద్వారా వాడుకున్నా ఇద్దరూ చూసేది ఒకే విలువ. బయటి ఫంక్షన్ ముగిసే క్షణంలో మెషీన్ ఆ విలువని పెట్టెలోకే తెచ్చి పెట్టి, బాణాన్ని పెట్టె వైపే తిప్పేస్తుంది, అంటే పెట్టెని మూసేస్తుంది. లోపలి ఫంక్షన్‌కి ఇదేమీ తెలియదు. అది నిన్నలాగే బాణం వెంట పోతుంది, విలువ దొరుకుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజు పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిచ్చి వెళ్తే, ఉత్తరాలు రాసేవాళ్లకి తేడా తెలియనట్టు.

ఇందులో నేను మొదటిసారి తప్పింది, పెట్టెని పంచుకునే విషయం. ఒకే "లెక్క"ని రెండు లోపలి ఫంక్షన్లు వాడుకుంటున్నాయి: ఒకటి పెంచేది, ఒకటి చూపించేది. నేను చెరో పెట్టె చేసిచ్చాను. బయటి ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ అంతా బాగుంది, రెండు బాణాలూ ఒకే గడిని చూస్తున్నాయి కాబట్టి. అది ముగియగానే రెండు పెట్టెల్లోకీ చెరో కాపీ వెళ్లింది. ఇక ఒకరు పెంచుతూ పోతున్నారు, రెండోవారు సున్నా చూపిస్తూ కూర్చున్నారు. లువాలో అందుకే ఇంకా మూసుకోని పెట్టెలన్నింటికీ ఒక జాబితా ఉంచుతారు. కొత్త పెట్టె చేసేముందు, ఆ గడికి అప్పటికే పెట్టె ఉందా అని జాబితాలో చూస్తారు, ఉంటే దాన్నే ఇస్తారు.

పైథాన్ దారి వేరు. ఏ వేరియబుల్‌ని లోపలి ఫంక్షన్ వాడుకుంటుందో కంపైలరే పసిగట్టి, దాన్ని ఫంక్షన్ మొదలవగానే స్టాక్ బయట ఒక సెల్‌లో పెట్టేస్తుంది. తర్వాత తరలింపుల బెడద లేదు. ఆ ఒక్క వేరియబుల్‌ని చేరడానికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది, మిగతావాటికి ఏ ఖర్చూ లేదు. ఈ ఏర్పాటు పైథాన్‌కి పుట్టుకతో రాలేదు. లోపలి ఫంక్షన్ బయటిదాని పేర్లని చూడగలగడం 2001లో 2.1తో కోరుకున్నవాళ్లకి, 2.2 నుంచి అందరికీ వచ్చింది. చూడటమే కాకుండా మార్చడానికి "నాన్‌లోకల్" అనే మాట కోసం 2008 చివర్లో 3.0 వచ్చేదాకా ఆగాల్సివచ్చింది. జావా మూడో దారి పట్టింది: లోపలివాళ్లు వాడుకునే వేరియబుల్‌ని పుట్టాక మార్చకూడదు. మారనిదైతే కాపీ ఇస్తే చాలు, పెట్టెతో పనిలేదు. కొంచెం మొండి పద్ధతే, కానీ మెషీన్ రాసేవాడికి హాయి.

మనవరాలికి పైథాన్ దారే చెప్పాను. లువా దారి అందమైనది. అందం కోసం తిన్న దెబ్బలు నాకు చాలు.

6. లూపులో పుట్టినవాడు

చిన్న విషయం, పెద్ద తగాదా. మూడు బటన్లు చేసే లూపు రాసి, ప్రతి బటన్‌కీ "నొక్కితే నీ నంబరు చెప్పు" అని ఫంక్షన్ తగిలిస్తే, మూడు బటన్లూ ఒకే నంబరు చెబుతాయి. లూపు వేరియబుల్ మొత్తానికి ఒక్కటే, ముగ్గురూ దాన్నే పట్టుకున్నారు, లూపు ముగిసేసరికి అందులో ఆఖరి విలువే మిగిలింది. ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ పుట్టాలన్న తీర్పుకి సీ షార్ప్ తన ఫర్‌ఈచ్ లూపు విషయంలో 2012లో వచ్చింది, జావాస్క్రిప్ట్ 2015లో "లెట్"తో వచ్చింది, గో భాష 2024 ఫిబ్రవరిలో 1.22తో వచ్చింది. మెషీన్‌లో దీనికి కావలసింది చుట్టు ముగిసినప్పుడల్లా ఆ వేరియబుల్ పెట్టెని మూసెయ్యడమే. మొదటిరోజే అలా చేసి పెట్టుకోండి. స్క్రిప్టులు వేలల్లో పుట్టాక మారుస్తామంటే, పాత తప్పు మీద ఆధారపడి నడిచే కోడ్ ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది.

7. ఎంగిలి గడులు

గడిని ఖాళీ చేశామని కంపైలర్ అనుకుంటే చాలదు. విలువ అక్కడే కూర్చుని ఉంటుంది. ఇఫ్ బ్లాకులో ఏడాది లావాదేవీలన్నీ ఒక టేబుల్‌లోకి తెచ్చి, మొత్తం కట్టి, బ్లాకు మూసేశారు. 3వ గడిని తర్వాత ఎవరూ వాడలేదు. గార్బేజ్ కలెక్టర్ వచ్చి గడులన్నీ చూస్తే 3లో ఆ టేబుల్ ఇంకా ఉంది, "ఎవరికో కావాలి కాబోలు" అని వదిలేసి పోయింది. స్క్రిప్టు ముగిసేదాకా మెమరీ అలా దిగ్బంధమైపోయింది.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం: ఫంక్షన్ మొదలైనప్పుడు గడులు తుడవకపోతే, పాత ఫంక్షన్ ఎంగిలిని కలెక్టర్ నిజమైన విలువనుకుని దాని వెంట పోయి చస్తుంది. ఫంక్షన్‌లోకి అడుగుపెట్టగానే అన్ని గడులూ తుడవండి. తుడిచే ఖర్చుకి ఏడవకండి. అలా తుడిచిన గడిని విలువ ఇవ్వకముందే ఎవరైనా చదువుతారేమో అన్న తనిఖీ ఒకటి మిగులుతుంది. పైథాన్ చాలాకాలం ప్రతి లోకల్‌నీ చదివినప్పుడల్లా ఈ తనిఖీ చేసేది. 3.12లో కంపైలరే ముందుగా దారులన్నీ చూసి, విలువ తప్పక ఉంటుందని తేలినచోట తనిఖీ లేని ఇన్‌స్ట్రక్షన్‌నీ, అనుమానమున్నచోట తనిఖీ చేసేదాన్నీ వేస్తోంది.

8. గ్లోబల్స్‌ దగ్గర గుర్తు పెట్టుకో, నమ్మకు

ఫంక్షన్ బయటి పేర్లకి నంబరెయ్యడం అంత సులువు కాదు. ఏ ఫైలు ఎప్పుడొచ్చి ఏ పేరు చేరుస్తుందో కంపైలర్‌కి తెలియదు. పైథాన్‌లో గ్లోబల్ పేరంటే ముందు మాడ్యూల్ డిక్షనరీ, అక్కడ లేకపోతే భాషతో వచ్చిన పేర్ల డిక్షనరీ. "లెన్" అని రాసిన ప్రతిసారీ రెండు బీరువాలు తెరవాలి. లువా వాళ్లు అనుభవంమీద, తరచుగా వాడే ఫంక్షన్‌ని ఫైలు మొదట్లోనే ఒక లోకల్‌లోకి తెచ్చుకుంటారు.

మెషీన్ చెయ్యగల ఉపాయం, మొదటిసారి దొరికిన చోటుని ఆ ఇన్‌స్ట్రక్షన్ పక్కనే రాసి పెట్టుకోవడం. దాంతోపాటు డిక్షనరీకి ఒక వెర్షన్ నంబరు ఇవ్వాలి. మళ్లీ వచ్చినప్పుడు వెర్షన్ మారలేదంటే రాసిపెట్టుకున్న చోటుకి నేరుగా పోవచ్చు. మారితే పాత పద్ధతిలో వెతకాలి. పైథాన్ 3.11 గ్లోబల్స్‌కి చేసేది ఈ తరహా పనే. నేను వెర్షన్ నంబరు లేకుండా చోటు ఒక్కటే రాసుకున్నాను. టేబుల్ పెరిగి వేరే చోటికి మారిన రోజు ఏమైందో మీరు ఊహించుకోగలరు.

9. పేర్లు పారేయకు, పక్కన పెట్టు

రెండో పాఠం నేర్చుకున్న ఉత్సాహంలో పేర్లన్నీ చెరిపేశాను. ఫైలు చిన్నదైందని సంబరపడ్డాను కూడా. వారం తిరక్కుండా సపోర్టులో పనిచేసే అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి, ఒక ప్రింటు కాగితం నా ముందు పెట్టింది. "7వ గడిలో విలువ లేదు" అని ఉంది అందులో. "సార్, ఖాతాదారు అడుగుతున్నారు, వాళ్ల స్క్రిప్టులో 7వ గడి ఎక్కడుందని. వాళ్లకేం చెప్పమంటారు?"

నడిపేటప్పుడు పేరుతో పనిలేదు, నిజమే. తప్పు జరిగినప్పుడు మనిషికి పేరే కావాలి. లువా ప్రతి ఫంక్షన్‌తోపాటూ పక్కన ఒక పట్టీ ఉంచుతుంది: ఏ పేరు, ఎన్నో ఇన్‌స్ట్రక్షన్ నుంచి ఎన్నో ఇన్‌స్ట్రక్షన్ దాకా బతికుంది. హద్దులు ఎందుకంటే, రెండో పాఠంలో చూసినట్టు, 3వ గడి ఒకప్పుడు తగ్గింపు, ఇంకొకప్పుడు రుసుము. జావాలోనూ ఇలాంటి పట్టీయే ఉంది, కంపైల్ చేసేటప్పుడు కావాలంటే చేర్చుకోవచ్చు. పైథాన్‌లో అయితే లోకల్స్ అన్నీ పేర్లతో చూపించమని ప్రోగ్రామే అడగొచ్చు. గడుల్లో ఉన్నవాటిని డిక్షనరీ వేషంలో చూపించాలి, డీబగ్గర్ వాటిని మారిస్తే అది అసలు గడిలోకి చేరాలి. ఇది ఏళ్ల తరబడి మెలికలు తిరిగి, 2024 అక్టోబరులో 3.13తో గానీ ఒక పద్ధతికి రాలేదు.

పేర్ల మాటొచ్చింది కాబట్టి మనవాళ్లకి ఒక సంగతి. పైథాన్ 3 మొదట్నించీ వేరియబుల్‌కి తెలుగు పేరు పెట్టనిస్తుంది. ధర, పన్ను, మొత్తం, అన్నీ చెల్లుతాయి. ఫంక్షన్ లోపల కంపైలర్ దాటాక అవి ఎలాగూ నంబర్లే, తెలుగైనా తమిళమైనా వేగం ఒకటే. కానీ "హార్డ్‌వేర్" అని పేరు పెట్టబోతే ఒప్పుకోదు. "డ్" తర్వాత "వ" వత్తుగా దిగకుండా మనం టైపుచేసే కనబడని అక్షరం ఒకటుంది, అది పేర్లలో నిషిద్ధం. స్క్రీనుమీద ఏమీ కనబడదు, ఎర్రర్ మాత్రం వస్తుంది. మనవరాలి పార్సర్‌లో కూడా ఇది చూసుకోమన్నాను. ఆ పిల్ల సొంత భాష మాటలన్నీ తెలుగులోనే పెట్టుకుంది మరి.

10. పాత మెషీన్‌ని వెంటనే అటకెక్కించకు

మార్చిన ప్రతిసారీ పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టి, దొరికిన ప్రతి స్క్రిప్టునీ రెండింట్లోనూ నడిపి జవాబులు పోల్చండి. మూడోసారి మార్చేటప్పుడు గానీ నాకు ఈ బుద్ధి పుట్టలేదు. ఖాతాదార్ల స్క్రిప్టులన్నీ ఒక ఫోల్డర్లో పోగేసి, రాత్రి ఇంటికెళ్లేముందు నడిపి, పొద్దున్నే వచ్చి తేడాలు చూసేవాణ్ని. అందులో ఆ ఎక్సెల్ షీటు స్క్రిప్టు కూడా ఉండేది.

నిన్న ఆ పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. నంబర్లేసిందట, కోటి చుట్ల లూపు ఇప్పుడు పరిగెడుతోందట. గొంతులో గర్వం దాచుకోలేకపోతోంది. నేను శభాష్ అనేలోపే ఇంకో ప్రశ్న వచ్చిపడింది.

"తాతయ్యా, నా భాషలో ఒక స్ట్రింగ్‌ని కోడ్‌లా నడిపే ఫంక్షన్ ఉంది. నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇప్పుడు ఆ స్ట్రింగ్‌లో 'ధర' అని ఉంటే దొరకట్లేదు. ఆ పేరు 0వ గడి అని దానికెవరు చెప్పాలి?"

"ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని రా" అన్నాను. "పక్కన పెట్టమన్న పట్టీ ఉంది కదా, అది కూడా తీసుకురా."

"అది ఇంకా రాయలేదు తాతయ్యా."